పన్నెండు ఆకుల చక్రం

లాన్సింగ్, మిషిగన్
మార్చి నెల, ఆదివారం

చిట్టితల్లికి,

నువ్వు పంపిన ఫొటోలూ వీడియో చూశాను. పెద్దమ్మ కూడా చూసి, "ఇంత డబ్బు పోసి ఈ పాత సామాను కొన్నదా పిల్ల!" అంది. ఆవిడ మాట పట్టించుకోకు. నా గ్యారేజీలోకి వచ్చినప్పుడల్లా నన్నూ అదే అంటుంది. బండి బాగుంది. 1926 ఫోర్డ్ మోడల్ టి టూరింగ్ కారు, తలుపులు సరిగ్గా పడుతున్నాయి, ఇంజను తిరుగుతోంది, రేడియేటరు కారడం లేదు. ఆ వయసు బండిలో ఇన్ని సవ్యంగా ఉండటమే ఎక్కువ.

కానీ ఆ చక్రాల మీద దాన్ని రోడ్డెక్కించకు. వీడియోలో నువ్వు వాకిట్లో బండిని మలుపు తిప్పినప్పుడు వెనక ఎడమ చక్రంలోంచి టక్కు టక్కుమని వస్తోంది చూడు, అది బేరింగు కాదు. చెక్క ఆకులు హబ్ దగ్గర కదులుతున్న చప్పుడు. సందుల్లో ఎపాక్సీ పోస్తే సరిపోతుందా అని అడిగావు. సన్నటి రేకు ముక్కలు దూర్చనా అన్నావు. బండి అమ్మినాయన రాత్రంతా నీళ్లలో నానబెట్టమన్నాడని కూడా రాశావు. మూడూ వద్దు. ఈ మాట ఫోన్లో చెబితే "సరే పెదనాన్నా" అని, సాయంత్రానికి ఎపాక్సీ డబ్బా తెచ్చుకునే రకం నువ్వు. అచ్చం మీ నాన్న పోలిక. అందుకే ఉత్తరం రాస్తున్నాను. వద్దన్నది ఎందుకో తెలిస్తే నువ్వే చెయ్యవు.

ముందు ఆ చక్రం దేని బలం మీద నిలబడుతోందో చూడు. గుండ్రటి రొట్టెను పన్నెండు ముక్కలు కోస్తే ఒక్కో ముక్క కొన ఎలా ఉంటుందో, నీ చక్రంలో ఒక్కో ఆకు మొదలు అలా ఉంటుంది. 360 డిగ్రీలు, 12 ఆకులు, ఒక్కోటి 30 డిగ్రీలు. ఒకదాని బుగ్గ పక్కదాని బుగ్గకు ఆనుకుంటుంది. పన్నెండూ ఆనుకుంటే మధ్యలో ఒక గట్టి పలక తయారవుతుంది. దాన్ని రెండు వైపులా ఇనుప ఫ్లాంజిల మధ్య పెట్టి ఆరు బోల్టులతో బిగిస్తారు. అటు చివర ప్రతి ఆకూ గుండ్రటి కొనగా సన్నబడి బయటి ఇనుప రింగు బెజ్జంలోకి దిగుతుంది. ఆ కొన మొదట్లో ఉండే భుజం రింగు లోపలి ముఖాన్ని తంతుంది. టైరున్న రిమ్ వేరే, అది ఈ రింగు మీద కూర్చునే ఊడదీసే భాగం. ఎక్కడా జిగురు లేదు, మేకు లేదు. రింగు లోపలికి నొక్కుతోంది, ఆకులు బయటికి తన్నుతున్నాయి. చక్రం బతుకంతా ఆ ఒత్తిడిలోనే ఉంది.

నీ సైకిలు చక్రం దీనికి పూర్తిగా తిరగబడ్డ వ్యవహారం. అక్కడ తీగలు లాగి కట్టి ఉంటాయి. తీగను తొయ్యలేం, లాగగలం. ఇక్కడ చెక్క ఆకును లాగి పట్టే కట్టు ఏదీ లేదు, తొయ్యగలం అంతే, అందుకే దాన్ని ఎప్పుడూ నొక్కి పెట్టే ఉంచాలి. నొక్కు పోయిన రోజు అది చక్రం కాదు, ఇనుప రింగులో పన్నెండు కర్రలు, అంతే.

నొక్కు ఎలా పోతుందంటే, చెక్క ఎండిపోయి. చెక్క నిలువునా దాదాపు కుంచించుకోదు. ఆకు పొడవు నూరేళ్ల తర్వాతా అంతే ఉంటుంది. తగ్గేది లావు. హికరీ చెక్క పచ్చిది పూర్తిగా ఎండేసరికి చెట్టు నడుమ నుంచి బెరడు వైపు దిశలో 7 శాతం, వలయాల వెంబడి దిశలో 10 శాతం పైచిలుకు తగ్గుతుంది. మనకు అంత తేడా రాదులే. కానీ ఆకు మొదలు వెడల్పు 40 మి.మీ. అనుకో. చెక్కలో తేమ 12 శాతం నుంచి 6 శాతానికి దిగితే అర మిల్లీమీటరు పైనే పోతుంది. ఒక ఆకు దగ్గర అది కంటికి ఆనదు. పన్నెండు ఆకులకు కలిపి లెక్కేస్తే చుట్టూ 6 మి.మీ. పైన ఖాళీ. ఒక్కో ఆకు లోపలికి దాదాపు మిల్లీమీటరు జారితే తప్ప ఆ ఖాళీ పూడదు. లోపలికి జారితే అటు చివర భుజం రింగును వదిలేస్తుంది. లెక్క నువ్వే వేసి చూసుకో, 15 డిగ్రీల టాన్జెంటుతో వచ్చేస్తుంది. ఇంజనీరింగు చదివిన పిల్లవి కదా.

మీ ఒహాయో చలికాలంలో హీటరు వేసిన గ్యారేజీలో గాలి ఎంత పొడిగా ఉంటుందో నీకు తెలుసు. ఎండాకాలం మళ్లీ ఉక్క. ఏడాదికొకసారి ఉబ్బడం, కుంచించుకోవడం, ఇలా తొంభై ఏళ్ల పైన. వదులైన చక్రంలో ఆకులు ఒకదాన్నొకటి రాసుకుంటాయి, అరుగుతాయి, ఇంకా వదులవుతాయి. ఇక్కడి నుంచి అది వేగంగా చెడుతుంది.

ఇప్పుడు నానబెట్టడం సంగతి. నేను చిన్నప్పుడు మా ఊళ్లో ఎండాకాలం బండి చక్రాల్ని చెరువులో దించి ఉంచడం చూశాను. ఇక్కడి పాత రైతులూ కారును వాగులో నిలబెట్టేవాళ్లని చెప్పుకుంటారు. పొద్దున్నకి చక్రం బిగుసుకుంటుంది, నిజమే. కానీ చెక్క ఉబ్బాలనుకున్నప్పుడు పక్కన చోటు లేదు, అటూ ఇటూ పక్క ఆకులున్నాయి. ఎటూ పోలేక లోపలి కణాలు నలుగుతాయి. ఎండాక అది పాత కొలతకు రాదు, అంతకన్నా సన్నబడుతుంది. అంటే రాత్రి నానబెట్టిన ప్రతిసారీ మర్నాడు ఇంకాస్త వదులు కొనుక్కుంటున్నావన్నమాట. ఊళ్లో బండివాడికి ఆ పూట ధాన్యం చేరవేస్తే చాలు, చక్రం పాడైతే వడ్రంగి ఇంటిపక్కనే ఉన్నాడు, బండి నడిచేది ఎద్దు అడుగు వేగంతో. నీది గంటకు 35 మైళ్లు పోయే బండి.

రేకు ముక్కల సంగతి కూడా అంతే. వదులు ఎక్కడ కనిపించిందో అక్కడ దూర్చావనుకో, ఆ ఒక్క ఆకూ బిగుస్తుంది, మిగతా పదకొండు వదులుగానే ఉంటాయి. బరువంతా ఆ బిగిసినదాని మీద పడుతుంది. రేకు చెక్క బుగ్గను కోస్తుంది కూడా. ఎపాక్సీ అన్నింటికన్నా చెడ్డది, ఎందుకంటే అది బాగైనట్టు చూపిస్తుంది. చప్పుడు ఆగిపోతుంది. లోపల నొక్కు మాత్రం రాదు, ఎందుకంటే జారే స్థితిలో పోసిన ద్రవం గట్టిపడి సందు నింపిందే తప్ప రింగును బయటికి తన్నలేదు. పైగా రేపు ఆ చక్రాన్ని విప్పి సరిగ్గా చేద్దామంటే అదొక నరకం. అలాంటి చక్రం ఒకటి నా చేతిలో పడింది. ఫ్లాంజి ఊడదీయడానికి పట్టిన కాలంలో ఇంకో చక్రం కట్టేవాణ్ని.

వెనక చక్రాల గురించి నాకు ఎక్కువ భయం ఎందుకో చెప్పాలి. మోడల్ టిలో కాలితో నొక్కే బ్రేకు చక్రం దగ్గర ఉండదు, గేరుపెట్టెలో ఉంటుంది. నువ్వు పెడల్ నొక్కితే ఆ ఆపే బలం షాఫ్టు మీదుగా, ఇరుసు మీదుగా, ఇరుసు మొనలో ఉన్న చిన్న కీ మీదుగా హబ్‌లోకి, అక్కడి నుంచి ఆకుల్లోకి, ఆకుల నుంచి టైరుకు చేరాలి. బండిని నడిపే బలం కూడా అదే దారిలో వస్తుంది. ఇంజను 20 గుర్రాలదే అని చులకన చెయ్యకు. లో గేరులో ఇంజను మెలిని పదింతలు చేసి ఇరుసుకు అందిస్తుంది. చెయ్యి బ్రేకు డ్రమ్ము కూడా ఆ ఆరు బోల్టులతోనే ఆకులకు బిగించి ఉంటుంది. ముందు చక్రాలకు ఈ గొడవేదీ లేదు, బరువు మొయ్యడం, మలుపులో పక్క తోపు తట్టుకోవడం, అంతే వాటి పని. వెనక ఆకులు వదులైతే నీ ఇంజనూ నీ బ్రేకూ రెండూ కదిలే కర్రల మీద ఆధారపడినట్టే.

నేను చెప్పానని కాదు, నువ్వే పరీక్షించి చూసుకో. జాకీ పెట్టి చక్రాన్ని నేలకు లేపు, జాకీని నమ్మకుండా కింద దిమ్మలు పెట్టు. పైనా కిందా పట్టుకుని ఊపు. ఊపేటప్పుడు చూడాల్సింది చక్రాన్ని కాదు, ఆకు ఫ్లాంజిలోకి దూరే చోటును. హబ్ మొత్తం ఊగితే బేరింగు. హబ్ నిలకడగా ఉండి ఆకు కదిలితే చెక్క. తర్వాత చెయ్యి బ్రేకు లాగి, చక్రాన్ని ముందుకూ వెనక్కూ తిప్పబోయి చూడు. డ్రమ్ము కదలకుండా ఆకులు కదిలాయా, ఇక మాటల్లేవు. చిన్న చెక్క సుత్తితో ఆకుల్ని ఒక్కొక్కటే తట్టు. బిగువుగా ఉన్నది టంగుమంటుంది, వదులుది మొద్దుగా పలుకుతుంది. రెండు మూడు చక్రాలు తట్టాక చెవికి అలవాటవుతుంది. రంగు పగిలిందా అని ఆకు మొదళ్ల దగ్గర చూడు. ఎర్రటి పొడి రాలుతుంటే బోల్టు తుప్పు, తెల్లటి పిండి రాలుతుంటే పురుగు. హికరీకి పురుగు సులభంగా పడుతుంది. చెమ్మకు కుళ్లు కూడా త్వరగా పడుతుంది.

ఇన్ని లోపాలున్న చెక్కను ఎందుకు వాడారంటే, దెబ్బ ఓర్చుకోవడంలో దానికి సాటి లేదు కాబట్టి. గొడ్డలి కామలు ఇక్కడ అందుకే దానితో చేస్తారు. ఘనపు మీటరు 800 కిలోల దాకా తూగుతుంది. మన దగ్గర బండి చక్రానికి తుమ్మ ఎలాగో ఇక్కడ హికరీ అలా. ఇందులో నాకు భలే నచ్చిన సంగతొకటుంది. మన వడ్రంగి దుంగ చూడగానే చేవ ఎంత ఉందని చూస్తాడు, తెల్ల చెక్కను చెక్కి పారేస్తాడు. ఇక్కడి వాళ్లు హికరీలో సరిగ్గా దీన్ని తిరగేశారు. తెల్లదే గట్టిదని నమ్మి దానికి ఎక్కువ ధర పెట్టి, ఎర్రటి చేవను రెండో రకం కింద తోసేశారు. 1910 ప్రాంతంలో అమెరికా అటవీ శాఖ వాళ్లు విరగ్గొట్టి చూస్తే బరువుకు బరువు రెండూ ఒకటేనని తేలింది. గట్టితనం రంగులో లేదు, బరువులో ఉంది. నువ్వు ఆకులు కొనేటప్పుడు ఎవరైనా "అంతా తెల్లది" అని ఎక్కువ అడిగితే నవ్వి ఊరుకో. చేతిలో పట్టుకుని తూచి చూడు. దగ్గర దగ్గర వలయాలున్నది మంచిదనుకుంటావేమో, హికరీలో సన్నటి వలయాలున్న ముసలి చెక్క తేలిక, వెడల్పు వలయాలున్న త్వరగా పెరిగిన చెక్కే బరువు.

రంగు కన్నా, బరువు కన్నా ముందు చూడాల్సింది నార. ఆకు మొదట్లో పట్టుకున్న నార పోగు అదే ఆకు చివరి దాకా పోవాలి. మధ్యలో పక్కకు దిగిపోతే ఆ ఆకు ఆ గీత వెంబడి చీలుతుంది, ఎంత బాగా చిత్రిక పట్టినా సరే. కొనను ఎదురుగా పెట్టుకుని చూస్తే వలయాల గీతలు ఇరుసుకు సమాంతరంగా ఉండటం నాకిష్టం. అప్పుడు తక్కువ కుంచించుకునే దిశ చక్రం చుట్టు వైపు పడుతుంది, పైన చెప్పిన అర మిల్లీమీటరు తగాదా కొంత తగ్గుతుంది. పన్నెండింటికి పన్నెండూ అలా దొరకవు. దొరికినన్ని ఏరుకో.

ఈ కోసు మొదలు ఆకు, ఇనుప ఫ్లాంజి ఏర్పాటు కారుతో పుట్టింది కాదు. 1830లలో లండన్‌లో ఆవిరి బండ్లు నడిపిన వాల్టర్ హాంకాక్ ఇలాంటి చక్రాలు వాడాడు. తర్వాత ఫిరంగి బండ్లకు వచ్చింది, ఆకు విరిగితే హబ్ పారెయ్యక్కర్లేదని. అందుకే ఇక్కడ వీటిని ఇప్పటికీ ఆర్టిలరీ చక్రాలంటారు. మన ఎడ్లబండి చక్రంలో నడుమ గుండ్రటి దుంగ ఉంటుంది, దానికి తొలిచిన బెజ్జాల్లోకి ఆకుల్ని దిగగొడతారు. దుంగ పగిలితే చక్రం మొత్తం పోయినట్టే. ఆ చక్రానికి నొక్కు తెప్పించేది బయటి చుట్టును బిగించి. చెక్క చుట్టుకొలత కన్నా కాస్త పొట్టిగా ఇనుప పట్టా వంచి అతికి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, నలుగురు పట్టుకొచ్చి చక్రం మీద దించి, చెక్క అంటుకునేలోపు నీళ్లు కుమ్మరిస్తారు. ఇనుము చల్లారి ముడుచుకుంటుంటే ఆకులు దుంగలోకి కిరకిరమని దిగే చప్పుడు వినాలి. ఆ పనికి వడ్రంగి ఒక్కడు చాలడు, కమ్మరి ఒక్కడూ చాలడు. ఇద్దరికీ పడని ఊళ్లో మంచి బండి ఉండదనేవాళ్లు మా తాతగారు.

నేనుంటున్న ఈ లాన్సింగ్ కూడా చక్రాల ఊరే. గుర్రపు బగ్గీలు, వాటి చక్రాలు చేసే కొట్లు మిషిగన్ అంతా ఉండేవి. కార్ల తయారీ ఇక్కడ పెరగడానికి అదొక పెద్ద కారణం. పక్కనున్న ఫ్లింట్ ఊరు కార్లకన్నా ముందు బగ్గీలతో పేరు తెచ్చుకుంది, జనరల్ మోటార్స్ పెట్టిన డ్యూరాంట్ అక్కడి బగ్గీల వ్యాపారే. ఇక్కడ లాన్సింగ్‌లో 1920లో మోటార్ వీల్ కార్పొరేషన్ ఏర్పడింది. దక్షిణాన జాక్సన్‌లో హేస్ కంపెనీ, డెట్రాయిట్‌లో కెల్సీ కంపెనీ ఫోర్డ్ బండ్లకు చక్రాలు ఇచ్చేవి, 1927లో ఆ రెండూ కలిసిపోయాయి. మోడల్ టి ఆగిపోయిందీ ఆ ఏడాదే. దాని తర్వాత వచ్చిన మోడల్ ఎకి ఇనుప తీగల చక్రాలు. మోడల్ టిలు ఒకటిన్నర కోట్ల దాకా చేశారు, ఎన్ని కోట్ల ఆకులు చెక్కి ఉంటారో లెక్కేసుకో. అవన్నీ ఊళ్లో వడ్రంగి బాడిశతో చెక్కినవి కావు, లేత్ మీద అచ్చు పెట్టి తిప్పినవి. అందుకే ఇప్పుడు కొత్త ఆకు దొరికితే పాత రింగులో కూర్చుంటుంది.

ఇక పని సంగతి.

చక్రం ఊడదీసేటప్పుడు వెనక ఇరుసు మొన కోసుగా ఉంటుందని గుర్తుంచుకో. హబ్ దాని మీద బిగుసుకుని ఉంటుంది. పుల్లరు పెట్టి లాగాలి, ఇరుసు మొన మీద సుత్తితో కొట్టకూడదు. కొడితే లోపల ఉన్నవి దెబ్బతింటాయి, ఆ ఖర్చు చక్రాల ఖర్చును మించిపోతుంది. బోల్టుల చివర్లు ఫ్యాక్టరీలో నట్టు మీద సుత్తితో పరిచేసి ఉంటాయి, ఊడకుండా. వాటిని గ్రైండరుతో తీసేసి కొత్త బోల్టులే వెయ్యాలి. పాతవి దాచుకోవచ్చు గానీ వాడొద్దు. ముందు చక్రాల ముక్కలూ వెనకవీ కలిపెయ్యకు. ఒక్కో చక్రానికి ఒక్కో డబ్బా పెట్టుకుని పేరు రాయి.

కొత్త చెక్క మొదలుపెట్టే ముందు ఇనుప రింగు గుండ్రంగా ఉందో లేదో చూడాలి. నాలుగు దిక్కులా అడ్డంగా కొలిస్తే తెలిసిపోతుంది. చాలామంది ఇది వదిలేస్తారు. కోడిగుడ్డులా నొక్కుకుపోయిన రింగులో ఎంత మంచి ఆకులు పెట్టినా చక్రం ఎగురుతుంది, అప్పుడు ఆకులు చేసినవాణ్ని తిడతారు. తుప్పు గీకి బెజ్జాల అంచులు కూడా చూడు. వదులు చక్రంలో ఆకు కొనలు ఆడి ఆడి బెజ్జాన్ని కోలగా అరగదీస్తాయి. అలా అరిగిన రింగును నేను వాడను, వేరేది వెతుక్కుంటాను.

ఆకుల్ని తెచ్చాక ఒకటి రెండు వారాలు గ్యారేజీలో వదిలెయ్. అక్కడి గాలికి అవి అలవాటు పడాలి. తర్వాత పన్నెండింటినీ రింగులో పెట్టడం. ఇక్కడే అసలు మర్మం. సరైన కొలత ఆకులైతే చదునుగా కూర్చోవు. కొనల్ని రింగులో దూర్చి, మొదళ్లను మధ్యకు తెస్తే అవి ఇమడక నడుమ భాగం పైకి లేచి నిలబడుతుంది. పన్నెండూ ఒకదాన్నొకటి పట్టుకుని అలా లేచే ఉంటాయి. చూసి కంగారుపడకు, ఉలి తీసుకుని మొదళ్లు చెక్కడం మొదలుపెట్టకు. అలా లేవాలి. రింగు నడుమ నుంచి 240 మి.మీ. వ్యాసార్థం అనుకుని, నడుమ భాగం 20 మి.మీ. లేచిందనుకో. దాన్ని చదును చేసేసరికి ఒక్కో ఆకు నిలువునా 0.8 మి.మీ. నొక్కుకోవాలి, లేదా రింగు ఆ మేరకు సాగాలి. రెండూ కొంచెం కొంచెం జరుగుతాయి. చక్రానికి జీవితాంతం ఉండే నొక్కు అక్కడి నుంచే వస్తుంది. అసలు లేవకుండా చదునుగా పడిపోయాయంటే ఆ ఆకులు పొట్టివో మొదళ్లు సన్నవో, వాటిని వెనక్కి పంపు. మరీ ఎత్తుగా లేస్తే రింగును వంకర తిప్పేస్తాయి, అప్పుడు మాత్రం పన్నెండింటినీ సమంగా, బుగ్గలకు కాగితమంత మందం తీయాలి. ఒక్కదాన్ని తీసి సరిపెట్టకూడదు.

కిందికి నొక్కడానికి నా దగ్గర ఇనుప కమ్ములతో కట్టిన చట్రం ఉంది, అందులో జాకీ తలకిందులుగా కాదు, నిలువుగా పెట్టి పై కమ్మీని ఆసరా చేసుకుంటాను. రింగును కింద చుట్టూ సమంగా ఆనించి, నడుమ మీద మందపాటి ప్లేటు పెట్టి, మెల్లగా. మెల్లగా అంటే ఒక్కో తోపుకు ఆగి, ఆకుల మధ్య గీతలు సూటిగా హబ్ వైపు పోతున్నాయో లేదో చూసుకుని, పోకపోతే వదిలేసి చెక్క సుత్తితో సర్ది, మళ్లీ. చివరి కొద్ది మిల్లీమీటర్ల దగ్గర నడుమ భాగం ఒక్కసారిగా దిగిపోతుంది. ఎదురుగా నిలబడకు, ముఖం వంచి చూడకు, కళ్లద్దాలు లేకుండా ఆ గదిలోకి రాకు. చదునయ్యాక జాకీ వదిలినా అది మళ్లీ లేవదు. పట్టు దొరికిందన్నమాట.

అది అలా నొక్కి ఉండగానే ఫ్లాంజిని అచ్చుగా పెట్టుకుని బోల్టు బెజ్జాలు తొలవాలి. ముందే తొలిస్తే కలవవు. బోల్టు రెండు ఆకులు కలిసే గీత మీద పడుతుంది, అరబెజ్జం ఒకదానిలో, అరబెజ్జం పక్కదానిలో. అంటే బోల్టు బిగువుగా దూరితే ఆకుల్ని మెలి నుంచి కూడా కాపాడుతుంది. వదులు బెజ్జం అయితే ఆ లాభం పోతుంది. డ్రిల్లు చేత్తో పట్టుకుని తొలవొద్దు, స్టాండు మీద పెట్టు. బోల్టుల్ని ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించి, చివర్లు పరిచెయ్యి. తర్వాత ఇరుసు మీద ఎక్కించి ఒక పెన్సిలు కదలకుండా నిలబెట్టి తిప్పి చూడు. పైకీ కిందికీ, పక్కకూ మిల్లీమీటరున్నర లోపు ఆడితే నేను ఒప్పుకుంటాను. కొత్త చక్రం మొదటి వందమైళ్ల తర్వాత మళ్లీ పరీక్షించు. వెనక హబ్ నట్టు కూడా అప్పుడే బిగించు, అది వదులైతే కీ తెగుతుంది, కీ తెగితే కాలి బ్రేకు ఉన్నా లేనట్టే.

ఇదంతా చదివి, "పాత ఆకులు తీసేస్తే బండి విలువ పోదా, అసలుది అసలుదే కదా" అంటావని తెలుసు. ఈ వాదన నేను చాలా విన్నాను. రంగు విషయంలో ఒప్పుకుంటాను. సీటు చిరిగినా అలాగే ఉంచు, తలుపు మీద గీతలు ఉంచు, డాష్‌బోర్డు జోలికి పోకు. మళ్లీ పూస్తే అది నీ రంగు అవుతుంది, 1926ది కాదు. కానీ చక్రం, బ్రేకు, స్టీరింగు, ఈ మూడింటి దగ్గర నేను పాతదనానికి మొక్కను. మ్యూజియంలో తాడు కట్టి నిలబెట్టే బండికి పాత ఆకులే ఉండాలి, దాన్ని ఎవరూ ఎక్కరు. నీ బండిలో నువ్వు ఎక్కుతావు, స్నేహితుల పిల్లల్ని ఎక్కిస్తావు. ఆ రోజుల్లో కూడా ఆకులు విరిగితే మార్చేవాళ్లు, అవి మార్చడానికి వీలుగా కట్టినవే. పాత ఆకుల్ని కట్టగట్టి అటక మీద పెట్టు, తర్వాత కొనేవాడు అడిగితే ఇవ్వు.

చెక్క చక్రం అంటేనే ప్రమాదం అని నీ స్నేహితుడు అన్నాడట. అదీ తప్పే. డియర్‌బోర్న్‌లో గ్రీన్‌ఫీల్డ్ విలేజికి వెళ్లు, వచ్చినవాళ్లను మోడల్ టిలలో సీజనంతా తిప్పుతూనే ఉంటారు. సెప్టెంబరులో అక్కడ ఓల్డ్ కార్ ఫెస్టివల్ జరుగుతుంది, ఈసారి మనం కలిసి వెళ్దాం, చక్రాల దగ్గర వంగి చూడటానికి అంతకన్నా మంచి చోటు లేదు. కలమజూ దగ్గర గిల్మోర్ కార్ మ్యూజియంలో మోడల్ టి నడపడం నేర్పుతారు కూడా. నువ్వు ముందు అది నేర్చుకో. మూడు పెడళ్లున్నా అవి నీకు అలవాటైన చోట అలవాటైన పని చెయ్యవు. ఆ మ్యూజియం ఉన్న ఊరి పేరు హికరీ కార్నర్స్, నేను కల్పించలేదు.

రంగు విషయంలో ఒక్క మాట. ఎంత మందంగా పూస్తే అంత మంచిదనుకోకు. ఆకుల మొదళ్ల దగ్గర పుట్టీ పెట్టి నున్నగా చేసి నల్ల రంగు పోస్తే చూడటానికి అద్దంలా ఉంటుంది, లోపల చీలిక వస్తే మాత్రం కనపడదు. నాకు పల్చటి రంగు, లేదా చెక్క కనిపించే వార్నిషు ఇష్టం. అవిసె నూనె పూసినా తప్పులేదు, తేమ మార్పును కాస్త నెమ్మది చేస్తుంది. వదులు చక్రాన్ని అది బిగించదు. అమ్మేవాళ్లు బిగిస్తుందని చెబుతారు.

ఇదంతా నువ్వే చెయ్యాలా అంటే, అక్కర్లేదు. మీ కొలంబస్ నుంచి గంటన్నర, రెండు గంటల దూరంలో హోమ్స్ కౌంటీ ఉంది. అక్కడి ఆమిష్ వాళ్లు ఇప్పటికీ గుర్రపు బగ్గీల మీదే తిరుగుతారు, కాబట్టి చక్రాల పని వాళ్లకు పాత కళ కాదు, రోజువారీ బతుకు. ఒక చక్రం నా దగ్గర కలిసి చేద్దాం. మిగతా మూడూ చెయ్యాలనిపిస్తే చెయ్యి, విసుగొస్తే వాళ్లకు అప్పగించు. ఒకటి చేతులారా చేసినదానివి గనక వాళ్లు చేసినది బాగుందో లేదో నీకు తెలుస్తుంది. డబ్బు దగ్గర బేరం ఆడకు, ఆ పనికి వాళ్లు అడిగేది తక్కువే.

వచ్చే నెల రెండో వారం నాకు ఖాళీ. రింగు అడ్డకొలతలు నాలుగు దిక్కులవీ రాసి ముందే పంపు, ఆకులు నేను తెప్పించి ఉంచుతాను, అవి ఇక్కడి గాలికి సర్దుకుంటాయి. వెనక ఎడమ చక్రం ఊడదీయడానికి శనివారం నేనే వస్తాను, మీ నాన్నకు ఫోన్లో ఈ సంగతి చెప్పకు, ఇరుసు దగ్గర నాకు సాయం చేస్తానని బయల్దేరతాడు. పుల్లరు నా దగ్గరుంది, కొనకు.

పెద్దమ్మ నీకోసం కందిపొడి, గోంగూర పచ్చడి సీసాల్లో పెట్టింది. అవి కూడా తెస్తున్నాను.

ఆశీస్సులతో,
పెదనాన్న